మచ్చ లేని ఎక్స్‌రే

1957 మే 6, సోమవారం. నంద్యాల.

నేటి నుంచి నా చేతి మీదుగా మచ్చ ఉన్న ఎక్స్‌రే ఫిల్మ్ ఒక్కటి కూడా బయటికి పోదు. ఒట్టు!

పొద్దున మా ఆసుపత్రి డాక్టరు లక్ష్మీనారాయణ గారు నిన్నటి ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి, "జాన్, ఇది మనిషి రొమ్మా, మబ్బా? ఈ ఫిల్మ్ డబ్బా కూడా పాడుచేస్తే మద్రాసు నుంచి డిప్లొమా చదివినోణ్ని పిలిపిస్తా" అన్నారు. డిప్లొమా! ఈ మిషను నేను షాకు కొట్టించుకుని నేర్చుకున్నాను. డిప్లొమావాడికి ఎన్ని షాకులు కొట్టాయట?

నియమాలు: తాయెత్తులు, గొలుసులు తీయించాలి. ఊపిరి బిగబట్టించాలి. మనిషిని కదలనివ్వకూడదు. కోపం తెచ్చుకోకూడదు. (చివరిది నర్సు కృపమ్మక్క చేర్పించింది.)

మే 7

ఇవాళ్టి ఫిల్ములు అద్దంలా వచ్చాయి! పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు! డాక్టరు గారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడం.

మే 9

రుద్రవరం ముసలాయన రొమ్ములో తెల్లటి ముద్ద. డాక్టరు గారికి చెమట పట్టింది. తీరా చూస్తే వీపు మీద వేలాడే తాయెత్తు. మెడలోవి తీయమంటే ముందువైపువే తీశాడు! "ఎనకదాని సంగతి నువ్వు అడగలేదు గదప్పా" అన్నాడు.

ఇది నా లెక్కలోకి రాదు.

మే 11

ఎండ. డార్క్‌రూములో కడిగే మందునీళ్లు వేడెక్కి ఫిల్మ్ మీది పొర మెత్తబడి జారింది. ఎండ కూడా నా తప్పేనా? ఐసు అడిగాను. తెప్పించారు. సగం డాక్టరు గారి మజ్జిగలోకి పోయింది.

ఇదీ లెక్కలోకి రాదు.

మే 13

డబ్బాలో మిగిలినవి మూడే ఫిల్ములు. వచ్చినవాడు ఆళ్లగడ్డ రైతు ఓబుళయ్య. విడవని దగ్గు. వెంట భార్య మహానందమ్మ.

"ఊపిరి బిగబట్టు, పెద్దాయనా!" అని మిషను నొక్కాను.

"అట్లేలేప్పా" అన్నాడు. రొమ్ము కదిలి ఫిల్మ్‌లో ఎముకలన్నీ జంటలు జంటలుగా పడ్డాయి.

"బదులు చెప్పొద్దు! బిగబట్టు!"

ఆయన పలకలేదు. తలుపు దగ్గరి నుంచి మహానందమ్మ పలికింది: "బిగబట్టినాడులేప్పా!" ఆయన ఆమెవైపు తిరిగాడు. రెండోదీ పోయింది.

కోపం నియమం అక్కడే చచ్చింది. "మీ ఊర్లో అందరికీ నోర్లేనా, ఊపిరితిత్తుల్లేవా?" అని అరిచాను.

"ఏందప్పా! మనిషి చెప్తాంటే పలకకుండా ఉండేదానికి మేమేమన్నా గోడలమా?" అంది.

చివరికి ఆమెనే చెప్పమన్నాను. "కదిలితివంటే సూడు" అంది. అంతే, ఓబుళయ్య రాయి అయిపోయాడు.

డార్క్‌రూములో ఫిల్మ్ పైకి తీశాను. ఏం ఫిల్మ్! ఒక్క మచ్చ లేదు! పట్టలేని సంతోషంతో "శభాష్" అని దాని వీపు తట్టాను.

తడి ఫిల్మ్. అయిదు వేళ్లు.

మే 14

ఫిల్మ్ ఆరింది. వేళ్లు పోలేదు. డాక్టరు గారు దాన్ని లైటు ముందు పెట్టారు. ఆయన నోరు తెరిచేలోగా మహానందమ్మ అందుకుంది.

"నేను సెప్పలే! చేని గట్టు తగాదాలో మా దాయాది సుబ్బన్న ఈయన రొమ్ము మింద చెయ్యేసి తోసినాడు. ఆ పొద్దు నుంచే దగ్గు. సూడండి, చెయ్యి లోపలే ఉండిపోయింది! ఆ బొమ్మ ఇట్ల ఇయ్యండి, పంచాయితీలో పెడతా!"

ఓబుళయ్యా నమ్మాడు. రొమ్ము తడుముకుంటూ, "సుబ్బన్నను ఈ పొద్దు వదల్ను" అని కండువా బిగించాడు.

నేను నోరు మూసుకుంటే నా పని నిలుస్తుంది. సుబ్బన్న తల నిలవదు. ఛీ! లేచి నా చెయ్యి ఫిల్మ్ మీద పెట్టాను. వేలికి వేలు సరిపోయింది.

"సుబ్బన్నది కాదు, ఇది నా చెయ్యి" అన్నాను.

మహానందమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వెప్పుడు తోసినావప్పా?"

డాక్టరు గారు వేళ్ల సందుల్లోంచి చూసి, రొమ్ము బాగానే ఉందని చెప్పి, దగ్గు మందిచ్చి పంపారు. ఆ తరువాత కాగితం తీసి మద్రాసుకు ఉత్తరం మొదలుపెట్టారు.

మే 24

మద్రాసు నుంచి జవాబు. డిప్లొమా ఆయన ఈ ఎండలకు నంద్యాల రాడట. వానలు పడ్డాకనే. అంతవరకు నువ్వే చూడు అన్నారు డాక్టరు గారు. వానలు పడేలోగా ఆ డిప్లొమా అవసరమే లేదనిపిస్తాను!

కొత్త డబ్బా వచ్చింది. నేటి నుంచి మచ్చ ఉన్న ఫిల్మ్ బయటికి పోదు. ఒట్టు! నియమం ఒక్కటే: ఫిల్మ్ ఆరేదాకా నా చేతులు వెనక్కి కట్టేసి ఉండాలి. కృపమ్మక్క బ్యాండేజీ గుడ్డతో కట్టింది. ముడి వదులుగా వేసింది. అందుకే ఒక చెయ్యి బయటికి లాక్కుని ఇది రాయగలుగుతున్నాను.

తొలి ఫిల్మ్ పక్కనే ఆరుతోంది. భలే వచ్చినట్టుంది. ఒక్కసారి చూస్తాను. చూడటమే.