మౌనసామి రాయి

సెప్టెంబర్ 4, గురువారం

మా ఆవిడ సరోజకు ఈరోజు మౌనం. పదకొండేళ్ళుగా ప్రతి గురువారం అంతే. కాఫీ గ్లాసు టక్కున పెడితే తాగమని, మెల్లగా పెడితే వేడిగా ఉందని. ఈ భాష నాకు బాగానే వచ్చు.

సాయంత్రం మఠం పనులు చూసే కె.ఆర్. మామ వచ్చాడు. మఠం గోడకు నల్లరాయి తెప్పించారట. అక్కడ సమాధిలో ఉన్న పాతకాలపు మౌనసామి చరిత్ర తెలుగులో చెక్కించాలి. ఈ తమిళ ఊళ్ళో స్థిరపడ్డ మావాళ్ళలో తెలుగు అక్షరాలు వచ్చింది నాకే... అవీ పాత క్యాలెండర్లు చూసి నేర్చినవి.

"రాయి వచ్చేసింది. నువ్వింక రాయి" అని తనే నవ్వాడు.

సెప్టెంబర్ 5, శుక్రవారం

తొందర ఎందుకో తెలుసు. కొబ్బరినీళ్ళ మీదే బతుకుతున్నానన్న ఇప్పటి సామి గది వెనక పరోటా పొట్లాలు దొరికాయి. అప్పటి నుంచి మఠానికి జనం లేరు.

సరోజ మాత్రం — "ఈయన పోతే పోనీండి. మౌనసామి ఉన్నాడు కదా. నోరే తెరవనివాడు అబద్ధం యాడ చెప్తాడు?"

సెప్టెంబర్ 6, శనివారం

మౌనసామి నెల్లూరు వైపు నుంచి నడిచి వచ్చాడు. పన్నెండేళ్ళు మాట్లాడలేదు. పోయాడు. నాకు తెలిసింది ఈ మూడు వాక్యాలే. రాయి ఆరడుగులు.

సెప్టెంబర్ 7, ఆదివారం

కడలూరు బస్సెక్కి కిరుమాంబాక్కం ఊళ్ళో దిగాను. రాజమ్మవ్వకు తొంభై దాటాయి. ఆ రోజుల్లో మౌనసామికి రోజూ అన్నం పెట్టింది ఆమె జేజి, అంటే నాయనమ్మ, అని విని వెళ్ళాను.

"మౌనమా? యాడ మౌనం! పెరటి గడపలో కూసోని మా జేజితో ఒకటే మాటలంట. కూడు పెడితే 'ఉప్పు యాడుందమ్మా' అనేవాడంట. వీధిలో అంతా అరవం. ఆయనకి ఒక్క ముక్క రాదు. తప్పుగా మాట్లాడితే నగతారని నోరు మూసుకున్యాడు. జనం వచ్చి కాళ్ళ మీద పడిరి."

"మరి చెప్పలేదా ఎవరూ?"

"ఎవురు అడిగినారు నాయనా? నువ్వే అడిగింది."

తిరుగు బస్సులో నాకు నవ్వు. ఎందుకో ఆయన మొదటిసారి మనిషిలా కనిపించాడు.

సెప్టెంబర్ 8, సోమవారం

పన్నెండేళ్ళు విన్నవాడికి అరవం రాకుండా ఉంటుందా? వచ్చే ఉంటుంది. అప్పటికి నోరు తెరిచే వీలు లేకపోయిందేమో. మొక్కేవాళ్ళ ముందు ఏమని మొదలుపెట్టాలి... ఒక్కడే నవ్వుకునేవాడా?

అది తపస్సు కాదా మరి? తెలియడం లేదు.

సెప్టెంబర్ 10, బుధవారం

కె.ఆర్. మామకు చెప్పాను. రాయి మీది దుమ్ము కండువాతో తుడిచాడు.

"నిన్ను పిలిచింది రాసేదానికి. తవ్వేదానికి కాదు. వేండాం, వద్దు."

రాయి సంగతి అలా ఉంచితే, సరోజకు ఎలా చెప్పడం? ఆమెకు మిగిలింది ఈ ఒక్క సామే. చెప్పకుండా ఉంటే — నేనూ పరోటా పొట్లం దాచినట్టే.

సెప్టెంబర్ 11, గురువారం

చెప్పాను. ఈరోజే ఎందుకంటే, గురువారం సరోజ ఎదురు మాట్లాడదు. పిరికితనమే.

చిక్కుడుకాయలు తుంచుతోంది. చేయి ఆగింది. మళ్ళీ తుంచింది.

మధ్యాహ్నం చారులో ఉప్పు లేదు. అడగలేదు. తిన్నాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

శుక్రవారమైనా పొద్దున మాట లేదు. ముగ్గు వేసింది. కాఫీ ఇచ్చింది, గ్లాసు ఎలా పెట్టిందో పోల్చుకోలేకపోయాను.

నాలుగింటికి, బట్టలు మడతపెడుతూ —

"ఎందుకు మాట్లాడవని ఆయన్ని ఒక్కరన్నా అడిగినారా?"

"లేదంట."

"మీరు?"

"నేనేంది?"

"పదకొండేళ్ళు. ఒక్క గురువారమన్నా నన్ను అడిగినారా?"

సామి కోసం కదా, అనబోయాను. ఆగాను. సామి కోసమని ఆమె ఎప్పుడు చెప్పింది? గుర్తుకు రావడం లేదు. నేనే అనుకున్నానా...

సెప్టెంబర్ 13, శనివారం

రాయి ఇంకా గోడకు ఆనించే ఉందట. ఒక్క అక్షరమూ రాయలేదు.

గురువారం మౌనం ఎందుకని సరోజను ఈరోజు అడగాలి. పొద్దున వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. చేతిలో పని ఆపి నా వైపు తిరిగింది. "ఏంది?" అంది. ఎదురుచూసింది.

"ఉప్పు యాడుంది?" అన్నాను.