ముద్ద కట్టని బెల్లం

మాఘమాసం, శనివారం రాత్రి, 1966

ఈ పొద్దు మా బెల్లం ముద్ద కట్టలేదు.

పెనంలో చెరుకురసం బాగానే పొంగింది. పాకం చూసే పక్కీరప్ప చుక్క తీసి చెంబునీళ్లలో వేసినాడు. ఉండ కాలేదు, వేళ్లకు జిగురుగా అంటుకునింది. "సున్నం చాల్లేదప్పా" అని నాయన ఇంకో పిడికెడు వేయించినాడు. పాకం నల్లబడింది గానీ గట్టిపడలేదు. అచ్చుల్లో పోస్తే పొద్దుగూకేదాకా జారిపోతానే ఉండాది.

నాయన వేలితో నాకి చూసినాడు. ఏమైంది నాయనా అంటే, "ఉప్పగా ఉండాదిరా" అన్నాడు.

వానల్లేక పోయినేడు బావి ఇంకా లోతుకు తవ్వించినాము. నీళ్లు పడినాయని టెంకాయ కొట్టినాము. అవి ఉప్పునీళ్లని నాలుకకు తెలుస్తానే ఉన్నా, చెరుకునేం చేస్తాయిలే అనుకున్నాము. నీళ్లను ఎండ తాగేస్తుంది. వాటిలో కరిగిన ఉప్పు యాడికి పోతుంది? కొంత చెరుకులోకి ఎక్కింది. మిగిలింది కాలవ గట్లమీద తెల్లగా పలుకులు కట్టింది. కట్టాల్సిన బెల్లం మాత్రం కట్టలేదు.

గానుగకాడికి ఎవరొచ్చినా చేతిలో బెల్లం పెట్టి పంపల్ల కదా. ఈ పొద్దు ఆకుల్లో పాకమే పోసిచ్చినాము. అందరూ నాకి, నాయన మొగం చూసి, "బాగుండాదన్నా" అని పోయినారు. ఒక్కడన్నా థూ అని ఉమ్మింటే నాకు ఇంత ఏడుపు వచ్చేది కాదు.

సగం చెరుకు ఇంకా నిలబడే ఉండాది, ఎండిపోతాండాది. తెల్లారితే నీళ్లు పెట్టల్ల.

ఆ బావి నీళ్లే.