పరగడుపు రక్తం

తిరుపతి

అక్క మునిరత్నమ్మకు తమ్ముడు శేఖర్ నమస్కారాలు.

ఫోన్ చేస్తే ఏడుస్తావు, అందుకే రాస్తున్నాను. నీ మరదలు ప్రశాంతి పోయిన ఈ ఏడాదిలో బాగా లావెక్కాను. మెట్లెక్కితే ఆయాసం. ఇట్లే పోతే గుండె తట్టుకోదన్నాడు డాక్టరు. ఒంట్లోని కొవ్వు "ఇక చాలు" అని మెదడుకు చెప్పే హార్మోను ఒకటుందట, పేరు లెప్టిన్. అది తక్కువైందేమో అని గురువారం పరగడుపున రక్తం తీస్తారు. జబ్బని తేలితే బాగుండు, మందిస్తారు.

నీ తమ్ముడు

బంగారుపాళ్యం

శేఖర్‌కు అక్క దీవెనలు.

పెండ్లాం పోయి దిగులుతో ఉండేవాణ్ణి పస్తు పెట్టి రక్తం తీస్తారా? ఆ డాక్టరుకు అక్కాచెల్లెండ్లు లేరా? బస్సు డ్రైవరు ఎల్లప్ప చేతికి క్యారియరు ఇచ్చినాను. సంగటి, నాటుకోడి పులుసు ఉండాది. తినేసి పో.

అక్క

తా.క. రక్తం తీసే ఆయమ్మకూ ఒక ముద్ద పెట్టు. తిన్నోళ్ళు తక్కువ తీస్తారు.

తిరుపతి

అక్కకు నమస్కారాలు.

వాసనకు ఆగలేక తినేశాను. ల్యాబ్‌లో ఆమెకూ పెట్టాను. ఆమె తిని, చెయ్యి కడుక్కుని, "పరగడుపున రమ్మంటే తినొచ్చినారా సార్" అని వెనక్కి పంపింది. మళ్ళీ వెళ్ళాలి. దయచేసి ఏమీ పంపొద్దు.

శేఖర్

తా.క. పులుసులో ఏం వేశావో కనుక్కోమంది.

బంగారుపాళ్యం

శేఖర్‌కు దీవెనలు.

ఈసారి తిండి పంపలేదు, మామిడి తాండ్ర పంపినాను. అది తిండి కింద లెక్క కాదు. ఒరే, నాకు భయంగా ఉండాదిరా. నువ్వు కూడా పోతే పుట్టింటి తరపున నాకెవరుండారు?

అక్క

తా.క. మన నాయన ఏనాడూ చాలనక వడ్డించేవాళ్ళే అలిసిపోయేవాళ్ళు. ఆయనకెవురూ రక్తం తీయలేదు.

తిరుపతి

అక్కకు నమస్కారాలు.

తాండ్ర ముట్టకుండా వెళ్ళి రక్తం ఇచ్చాను. లెప్టిన్ తక్కువ లేదు, ఎక్కువే ఉంది. ఒళ్ళు చాలంటూనే ఉందట, మెదడే వినడం లేదట. "ఇంట్లో ఎంత తింటారు?" అని డాక్టరు అడిగితే చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఇప్పటికీ ఇద్దరికి వండుతున్నానక్కా. ఒక్కడికే వండితే ప్రశాంతి లేదని నేనే ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. రెండు కంచాల్లో వడ్డిస్తాను. నాది తినేసరికే కడుపు నిండుతుంది. ఆమెది పారెయ్యడానికి చేతులు రావు. అదీ నేనే తింటాను.

నీ తమ్ముడు

తా.క. ఆమెకు కాకరకాయ కూరంటే ప్రాణం. నాకు గొంతు దిగదు. నిన్న ఆమె కంచంలో ఒక్క ముక్క కూడా మిగల్చలేదు.