నవాసారం గడ్డ మాయమైన సంగతి

లాల్‌దర్వాజా,
12 జూన్ 1974

సోలాపూరులో గిన్నెలకు కళాయి పూస్తూ ఇల్లు మరిచిన మా ఇంటాయనకు నీలమ్మ నమస్కారాలు.

నెల రోజుల పని అని వెళ్లారు, అయిదో నెల నడుస్తోంది. బోనాలు దగ్గర పడ్డాయి. కళాయి కోసం జనం తెచ్చిన ఇత్తడి గిన్నెలతో మన అరుగు నిండిపోయింది. మీరు దాచిన నవాసారం గడ్డ వానకు చెమ్మెక్కింది. ఆరుతుందని పాత మట్టికుండలో వేసి, మూత పెట్టి, పొయ్యి మీదికి ఎక్కించాను. కాసేపయ్యాక చూస్తే కుండలో ఏమీ లేదు. కరగలేదు, మాడలేదు, ఊరికే పోయింది. అది లేనిదే గిన్నెకు తగరం అంటదు కదా, ఇప్పుడేం చేయను?

మీ నీలమ్మ

తా.క. పక్కింటి సత్తెమ్మ వచ్చి నా కళ్లు చూసి, "మొగని యాదిల ఏడుస్తున్నవా ఏందే?" అంది. నవాసారం పొగ అన్నాను.

సోలాపూరు,
17 జూన్

నీలమ్మకు ఎల్లప్ప దీవెనలు.

నవాసారం కరగదు, వేడి తగిలితే నేరుగా పొగైపోతుంది. అంతవరకు నిజమే. కానీ కళాయి ఇంట పుట్టినదానివి, గడ్డను పొయ్యి మీద ఆరబెడతావా? నాకు నమ్మకం కుదరడం లేదు. పురానాపూల్ కైలాసం వచ్చి అడిగితే ఇచ్చేశావు కదూ? వాడు పూసిన కళాయి నాలుగు రోజుల్లో ఊడుతుంది.

ఎల్లప్ప

తా.క. మేస్త్రీ ఇంకో రెండు నెలలు ఉండమంటున్నాడు. బోనాలకు రాలేను.

లాల్‌దర్వాజా,
22 జూన్

నన్ను దొంగను చేసిన మీకు నమస్కారం, సగమే.

కుండను మూతతో సహా అటకెక్కించాను. ఇక దాని ఊసెత్తను. కైలాసం మాటంటారా, ఎంత మర్యాద మనిషి! "అన్న వచ్చేదాక నేను కూసుంట వదినా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. మీ కొలిమి జాగా ఎటూ ఖాళీగానే ఉంది. ఏం చెప్పమంటారు?

నీలమ్మ

తా.క. ఒక్కదాన్నే కూర్చుంటే అన్నం సహించడం లేదు. కోపంలో ఉండి ఇది రాయకూడదు, కానీ కాగితంలో చోటు మిగిలింది.

సోలాపూరు,
27 జూన్

నా నీలమ్మకు,

కొలిమి మీద వాడి నీడ కూడా పడనీయకు! ఆ మూత లోపలివైపు చూశావా? పొగై లేచిన నవాసారం ఎక్కడికీ పోదు. పైన చల్లగా తగిలిన చోట మళ్లీ నవాసారమై తెల్లగా అంటుకుంటుంది. ఇది రాస్తుంటే నాకే ఏడుపొచ్చింది. అయిదు నెలలుగా నేనూ ఆ పొగలాగే తిరుగుతున్నాను. నా చోటు నీ దగ్గరుంది. మేస్త్రీతో లొల్లి పెట్టుకున్నాను. జూలై 6, శనివారం బండెక్కుతున్నాను. మూతను ముట్టకు, నేనొచ్చి గోకుతాను.

నీ ఎల్లప్ప

తా.క. నీకు జబ్బని మేస్త్రీకి చెప్పాను. అతని మనుషులెవరైనా కనబడితే కాస్త దగ్గు.

లాల్‌దర్వాజా,
1 జూలై

పొద్దుటి నుంచి దగ్గడం నేర్చుకుంటున్న నీలమ్మ నమస్కారాలు, ఈసారి పూర్తిగా.

ఇది చదివాక బండెక్కడం మానకండి. మూత లోపల చూడాలని మా బాపు నాకు ఏడేళ్లప్పుడే నేర్పాడు. కుండ దించిన రోజే గోకి డబ్బాలో పోశాను, పొడిపొడిగా ఉంది. కుండలో ఏమీ లేదన్నాను గానీ మూతకు లేదనలేదు. కైలాసం మన గల్లీలోకే రాలేదు. వాడి పేరు మీరే ఎత్తారు, నేను కొంచెం వాడుకున్నాను. ఉన్నదున్నట్టు రాస్తే ఎప్పటిలా మూడు ముక్కల కార్డు వచ్చేది, మీరు వచ్చేవారు కాదు.

మీ నీలమ్మ

తా.క. ఆ రోజు కుండ మూత చుట్టూ తడిమట్టి గట్టిగా మెత్తాను. పొగ రవ్వంత కూడా బయటికి రాలేదు. సత్తెమ్మ సరిగ్గానే చూసింది.