జెముడు మొదట్లో గుంట

పుంతా చువేకా,
జూలై.

చిరంజీవి ఒఫేలియాను అమ్మ దీవించి రాయడం ఏమనగా, ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. పీత కొరికి మీ నాన్న వేలు తెగింది, మానుతోంది. అక్కడ నువ్వూ పసివాడూ కులాసా అని నీ ఉత్తరం వల్లే తెలిసింది. మనవడు పుట్టిన సంగతి కూడా కాగితం మీదే చదువుకోవాల్సిన రాత నాది.

నీ జెముడు ఎలా ఉందని అడిగావు. నువ్వు పుట్టినప్పుడు నీతో పడ్డ మాయ పాతింది దాని మొదట్లోనే కదా, అడగాలి మరి. ఇంటికన్నా ఎత్తు పెరిగింది, ఈ ఏడు విరగకాసింది. పైన పళ్ళకు పావురాలు, కింద రాలినవాటికి చీమలు, నక్కలు. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలో గుడ్లగూబ కాపురం పెట్టింది. జెముడును పసితనంలో ఎండ తగలకుండా తన నీడన పెంచిన తుమ్మచెట్టు మాత్రం ఎండి కూలింది. ఉన్న కాస్త నీళ్ళూ జెముడే లాగేసుకుంది. ఆ తుమ్మకర్రే ఇప్పుడు నా పొయ్యిలో మండుతోంది.

నీ కొడుకు మాయ కూడా అక్కడే పాతానా, పైన బూడిద పోశానా అని మూడుసార్లు రాశావు. చెబుతాను.

మీ ఆయన రూబెన్ ఐసుపెట్టెతో వచ్చాడు. గడప తొక్కలేదు.

"ఇదిగో అత్తా, మీ పార్సిల్. రొయ్యల పెట్టెలో పెట్టి తెచ్చా."

"పిల్లాడేడి బాబూ?"

"ఈ దుమ్ములోకా? మా అమ్మ ఒప్పుకోదు. మిమ్మల్ని కూడా అప్పుడే రావద్దన్నారు. మీ దగ్గర చేపల కంపంట, పిల్లాడికి పడదంట."

"అన్నదెవరు, మీ అమ్మా?"

"కాదు, మీ అమ్మాయే."

గుంట లోతుగానే తవ్వాను. మాయ పెట్టి మన్ను కప్పాను. నక్క ముట్టకుండా మా అమ్మ నాకు బూడిద పోసింది, నేను నీకు పోశాను. నీ కొడుక్కి పోయాల్సిన బూడిద పిడికిట్లోనే ఉంది. పిడికిలి విప్పాను, గాలికి పోయింది. ఒళ్ళు తెలియని కోపంలో చేశాననుకోకు. తెలిసే చేశాను.

మర్నాడు పొద్దున వెళితే గుంట తోడేసి ఉంది. ఇసుకలో నక్క అడుగులు కొండ దాకా ఉన్నాయి. మధ్యాహ్నం వరకూ వెతికాను. మాయ చుట్టిన గుడ్డ పీలిక దొరికింది. అప్పుడు ఏడ్చాను.

మనవాళ్ళు కొత్తవాణ్ణి చూస్తే ముందడిగేది "నీ మాయ ఎక్కడ పాతారు?" అనే. రేపు నీ కొడుకునీ అడుగుతారు. వాడొచ్చి నిన్నడుగుతాడు. నీ జెముడు చూపించి అబద్ధం చెబుతావో, నిజమే చెబుతావో నీ ఇష్టం. నిజం చెబితే మాత్రం సగంలో ఆపకు. బూడిద పోయనిది అమ్మమ్మ అని చెప్పు, అమ్మమ్మను రావద్దన్నది ఎవరో కూడా చెప్పు.

ఇట్లు,
చేపల కంపు కొట్టే మీ అమ్మ,
డెల్ఫీనా