బంచరాయిలో నీడ

13 ఫిబ్రవరి 2024

ఈరోజు క్లాసులో కొత్త చట్టం చెప్పాను. సర్కారు భూమిని సోలార్ కంపెనీలకు, గాలిమరల వాళ్లకు లీజుకిచ్చే చట్టం. గ్రూప్స్‌లో దీని మీద బిట్లు గ్యారంటీ అని మా డైరెక్టర్ వంశీకృష్ణ గారు నిన్నే చెప్పారు. ఆయనది భీమవరం వైపు. ఏ చట్టం వచ్చినా ఆయనకు బిట్లే కనిపిస్తాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో కరెంట్ అఫైర్స్ చెప్పి చెప్పి నేనూ అట్లాగే తయారయ్యాను. లీజు ముప్పై ఏళ్లు, పంచాయతీకి వాటా, అభ్యంతరాలకు నెల గడువు. బోర్డు నింపాను. పిల్లలు ఫోన్లెత్తి ఫొటోలు తీసుకున్నారు.

వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, మేడమ్, బంచరాయి గూడ ఇందులకే ఒస్తదా అని అడిగింది. వస్తుందన్నాను. పశువులు మేసే ఉమ్మడి భూమి, ఎవరి పేరు మీదా ఉండదు కాబట్టి ముందుగా పోయేది అదేనన్నాను. గుడ్ క్వశ్చన్ అని మెచ్చుకున్నాను కూడా.

ఎల్బీనగర్‌లో మెట్రో దిగి మెట్ల మీద ఉండగా తట్టింది. మా పాప ఉన్నది బంచరాయిలోనే.

14 ఫిబ్రవరి

క్లాసు ఎగ్గొట్టాను. జ్వరమని చెప్పాను.

18 ఫిబ్రవరి, ఆదివారం

మా అత్త సైదమ్మ ఊరికి ఫోన్ చేసి కనుక్కుంది. నల్గొండ దాటాక మా అత్తగారి ఊరు. బంచరాయి పోతున్న మాట నిజమేనట. సర్వేవాళ్లు వచ్చి కర్రలు పాతిపోయారట. గొర్లను ఇంక యాడికి కొట్టుకపోవాలె అని గొల్లోళ్లు పరేషాన్‌ల ఉన్నరంట, అంది. గొర్రెల సంగతి చాలాసేపు మాట్లాడింది. పాప మాట ఎత్తలేదు. మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఎత్తకూడదు, అది వాళ్ల పద్ధతి. ఇరవై ఒకటో రోజు పురుడు చేసి పేరు పెట్టాలి. అంతకుముందే పోయింది. అంత పసిదాన్ని కాల్చరు. తండ్రి భుజాన వేసుకుని, పైన తువ్వాల కప్పి తీసుకుపోతాడు. తాత గుంత తవ్వుతాడు. రాయి పెట్టరు. వెనక్కి తిరిగి చూడరు. పోయిన దారిన రారు. తల్లికి ఆ చోటు చూపించరు, చూపిస్తే మళ్లీ కడుపు పండదట. నాకు చూపించలేదు. కడుపూ పండలేదు. ఆ మాట ఎవరితో అనను? మా మామ జంగయ్య కరోనాలో పోయాడు.

ఆరోజు నా మొగుడు శైలేందర్, మామ తిరిగొచ్చేసరికి నా జాకెట్టు పాలతో తడిసి ఉంది. 2018 మే నెల. బయట నిప్పులు చెరుగుతోంది. అతన్ని నేను అడిగింది ఒక్కటే, అక్కడ నీడ ఉందా అని. ఉన్నది, యాపచెట్టు ఉన్నది, దాని కిందనే అన్నాడు.

ప్రతి ఎండాకాలం అడుగుతూనే ఉన్నాను. మస్తు పెద్దగైంది అన్నాడొకసారి. పోయినేడు, గొర్లు గూడ దాని కిందనే పండుకుంటున్నయి అన్నాడు. ఆ చెట్టు ఉందనే ధైర్యంతో నేను ఇన్ని మే నెలలు దాటాను.

21 ఫిబ్రవరి

చట్టంలో ఒక సెక్షన్ ఉంది. రికార్డులో శ్మశానంగా లేకపోయినా, కుటుంబం వచ్చి సమాధి చోటు చూపిస్తే, అంతమేర కంచె వేసి వదిలేయాలి. మొన్న దీన్ని నేనే ఆప్షన్ డి కింద చెప్పి ముందుకెళ్లిపోయాను. ఈ సెక్షన్ రాసినవాళ్లెవరో ఇంట్లో ఎవరినో పోగొట్టుకునే ఉంటారు.

శైలేందర్‌కు చెప్పాను. ఒద్దు, కదిలియ్యకు అన్నాడు. హయత్‌నగర్ డిపోలో కండక్టర్. బస్సులో రోజంతా జనంతో మాటలు పడి ఇంటికొచ్చి గట్టిగా దగ్గనైనా దగ్గని మనిషి, ఇవాళ నా మీద అరిచాడు. నేను ఊరుకుంటానా? నలభై దగ్గర పడుతున్నాం, ఇంకే కడుపు పండాలని దాస్తున్నావు అన్నాను. అత్త తలుపేసుకుంది. అతను అన్నం తినకుండానే డ్యూటీకి వెళ్లిపోయాడు.

24 ఫిబ్రవరి

నేనే అప్లికేషన్ పెట్టాను. చనిపోయినవారి పేరు రాయమన్నారు. పాప అని రాశాను. గుర్తు దగ్గర, వేపచెట్టు కింద అని.

13 మార్చి

చూసొచ్చాను. చోటు తెలిసినవాడు అతనొక్కడే కాబట్టి శైలేందర్ కూడా వచ్చాడు.

బంచరాయి ఇంత పెద్దదని నాకు తెలియదు. అంతా రాతిగుండ్లు, తంగేడు పొదలు, ఎర్రమట్టి. కనుచూపు మేర ఒక్క చెట్టు లేదు. తహసీల్ ఆఫీసు నుంచి సర్వేయర్ ఇందిరాదేవి వచ్చింది, గొడుగు వేసుకుని. యాపచెట్టు అని రాసిన్రు గదా, ఏదమ్మా అని నన్నడిగింది. నేను శైలేందర్ వైపు చూశాను. పోయినేడు గాలివానకు పడిపోయింది మేడమ్, కట్టెలకు కొట్టుకపోయిన్రు అన్నాడు. అని, ఎక్కడా ఆగకుండా, ఒక్కసారి కూడా అటూ ఇటూ చూడకుండా నడిచి ఒకచోట నిలబడ్డాడు. గిక్కడ, అన్నాడు.

చుట్టూ ముగ్గు పోశారు. నేను మధ్యలో కూర్చున్నాను. అరచేయి నేల మీద పెడితే చుర్రుమంది. తియ్యలేదు. కూర్చున్నంతసేపూ ఇందిరాదేవి తన గొడుగు నా మీద పట్టింది. శైలేందర్ అటు తిరిగి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడనుకున్నాను.

తిరుగు బస్సులో అతని భుజం మీద తల పెట్టి నిద్రపోయాను. ఎన్నేళ్లయిందో.

30 ఏప్రిల్

అభ్యంతరం ఒప్పుకున్నారు! కంచె వేసి వదిలేస్తారు. ఏంటండీ మేడమ్, ఇవాళ ముఖం వెలిగిపోతోంది, నేనేమీ ఇంక్రిమెంట్ ఇవ్వలేదే అన్నారు వంశీకృష్ణ గారు. ఏమీ లేదు సార్ అన్నాను. క్లాసులో ఆ సెక్షన్ మళ్లీ చెప్పాను. ఎగ్జామ్‌లో రాకపోయినా గుర్తుపెట్టుకోండి అన్నాను.

2 జూన్, ఆదివారం

కంచె ఫొటో వచ్చింది. చిన్న చదరం, లోపల ఒట్టి ఎండ. అక్కడ మళ్లీ వేపచెట్టు పెడతానని కంపెనీ సైట్‌వాళ్లకు ఫోన్ చేశాను. చెట్లు పెట్టనియ్యం మేడమ్, ప్యానెళ్ల మీద నీడ పడితే కరెంటు తక్కువొస్తది, లీజులనే రాసున్నది అన్నాడు అవతలి మనిషి. పాపం మర్యాదగానే చెప్పాడు. నాకే ఒళ్లు మండిపోయింది. ఇంత ఎండను కౌలుకు తీసుకోవచ్చు గానీ నా బిడ్డకు జానెడు నీడ పనికిరాదా? పెట్టి తీరుతాను. పీకేస్తే మళ్లీ పెడతాను.

9 జూన్, ఆదివారం

వనస్థలిపురం నర్సరీకి వెళ్లాం. మోకాలెత్తు వేపమొక్క, లేత ఎరుపు చిగురు. కవరుతో సహా ఒళ్లో పెట్టుకుని బండెక్కాను. శైలేందర్ బండి స్టార్ట్ చెయ్యలేదు. తాళంచెవి తిప్పి, మళ్లీ తిప్పి, ఊరికే కూర్చున్నాడు.

చెట్టు లేకుండె, అన్నాడు. ఎన్నడూ లేకుండె. నాయిన తవ్విండు, నేను పండవెట్టిన. ఎనకకు సూడొద్దన్నరు, సూడలే. మల్ల శానసార్లు ఒక్కణ్నే పోయిన. అంత ఒక్క తీరుగనే ఉన్నది, జాగ దొరకలే. నాయిన బతికున్నప్పుడు అడుగుదామంటె నోరు రాకపాయె. నువ్వు నీడ ఉన్నదా అని అడిగినవ్. లేదని ఎట్ల చెప్పాలె?

ఇదంతా ముందుకు చూస్తూనే చెప్పాడు. నాకు అతని వీపే కనిపిస్తోంది.

మరి ఆ కంచె వేసిన చోటు, అని అడిగాను.

నువ్వు గంత దూరం ఒచ్చినవ్ గద, అన్నాడు.

మొక్కను నర్సరీ గేటు పక్కన దించి, నడుచుకుంటూ ఇంటికొచ్చాను.

11 జూన్

తిట్టాలని రెండ్రోజులుగా మాటలు వెతుకుతున్నాను. ఆరేళ్లు! లేని చెట్టును ఆరేళ్లు పెంచాడు. నేను అడిగినప్పుడల్లా ఒక కొమ్మ వేశాడు, కింద గొర్రెలను కూడా పడుకోబెట్టాడు. నేను నమ్మి హాయిగా ఉన్నాను. అతను మాత్రం డ్యూటీ లేని రోజుల్లో ఒక్కడే ఆ రాళ్ల మధ్య తిరిగాడు. నాకు చెప్పి ఉంటే ఇద్దరం తిరిగేవాళ్లం కదా.

ఏ మట్టి మీదో చెయ్యి పెట్టి వచ్చాను. అది తలచుకుంటే ఏడుపు ఆగడం లేదు.

12 జూన్

ఇందిరాదేవికి నిజం చెప్పేస్తే ఆ కంచె కూడా తీసేస్తారు. చెప్పను. శైలేందర్‌తోనూ మాట్లాడటం లేదు.

11 మే 2025

చాలా నెలలు రాయలేదు. ఈరోజు ఇద్దరం ఊరికి వెళ్లాం. నేనే పోదాం పద అన్నాను.

బంచరాయి అంతా ప్యానెళ్లు. చివర కనిపించదు. మధ్యలో మా కంచె. లోపల గడ్డి ఎండి చిటపటలాడుతోంది. ఒకప్పుడు అక్కడే గొర్రెలు కాసిన అంతయ్యను ఇప్పుడు వాచ్‌మన్‌గా పెట్టుకున్నారు. తాళం తియ్యాల్నా బిడ్డా, లోపటికి పోతవా అన్నాడు. వద్దన్నాను.

పక్కనున్న ప్యానెల్ కిందకు వంగి నేల మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. దాని పక్కదాని కింద పెట్టాను. అదీ చల్లగానే ఉంది. శైలేందర్ అవతలి వరుసలోకి వెళ్లి తనూ వంగాడు. అట్లా చాలాదూరం వెళ్లాం, అతనొక వరుస, నేనొక వరుస. అంతయ్య మమ్మల్ని ఆపలేదు.

12 మే

ఏ ప్యానెల్ కిందో తెలియదు. దేని కిందున్నా నీడే.