చెక్క విమానాలు

అక్కా,

నేను కులాసా. పని దొరికింది. ఎక్కడో తెలుసా, యుద్ధంలో మన చేను లాక్కుని కట్టిన విమానాల మైదానంలోనే. కొత్త రోడ్డు కోసం పాత రన్‌వే పగలగొడుతున్నాం. గునపం వేయగానే పెచ్చు లేచొచ్చింది. కింద మన నల్లమట్టే.

"విమానాలు దిగిన నేల ఇంత పలచనా?" అన్నాను. మాతో పనిచేసే ముసలి వడ్రంగి పడీ పడీ నవ్వాడు. "విమానాలెక్కడివయ్యా? చెక్కతో నేనే చేసి నిలబెట్టాను. అసలు మైదానం కొండ అవతల ఉండేది. దానిమీద పడాల్సిన బాంబులు ఇక్కడ పడాలని రాత్రిళ్ళు దీపాలు పెట్టేవాళ్ళం."

ఆ దీపాల పక్కనే కదే, చేను పోయాక మనం పాక వేసుకుని పడుకున్నది! మన చేనూ తీసుకున్నారు, మనల్నీ ఎరగా వేశారు. శత్రువు మాత్రం మోసపోలేదట. ఒక్క బాంబూ పడలేదు.

నాన్న దగ్గు తగ్గిందా? వెనకగది కురుస్తోందన్నావు, పెంకులు మార్పించావా? ఇక్కడ పడక రేకుల షెడ్డులో, చలి చంపేస్తోంది. నా కంబళి ఎవరిచేతైనా పంపు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఈ కార్డు నాన్నకు చదివి వినిపించేటప్పుడు వడ్రంగి మాటలన్నీ మింగెయ్. ఆకాశంలో మోత వినిపిస్తే చాలు, ఇప్పటికీ మంచం మీద లేచి కూర్చుని "మన చేలోంచి లేచిందే అది" అంటాడు కదా. రన్‌వే ఉక్కులా ఉందట, పగలగొట్టలేక తమ్ముడి చేతులు బొబ్బలెక్కాయట అని చదువు.

తమ్ముడు